మెయిలు బస్సు వచ్చేలోపు

చిన్నమ్మాయికి,

నీ ఉత్తరం, కథ రెండూ అందాయి. ఉత్తరం బాగుంది. కథ సంగతి తర్వాత చెబుతాను.

"ఆర్నెల్లుగా ఒక్క కథా పూర్తి కాలేదు పెదనాన్నా, ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి తొమ్మిదవుతోంది, ఆదివారం కూర్చుందామంటే మూడ్ రావడం లేదు, టెన్షన్‌గా ఉంది" అని రాశావు. ఆ మాట రాయడానికి మాత్రం నీకు ఏ మూడూ అక్కర్లేకపోయింది. రెండు పేజీల ఉత్తరంలో ఎక్కడా కొట్టివేత లేదు, తడబాటు లేదు. అదే చెయ్యి కథ అనేసరికి బిగుసుకుపోతోంది.

సాధనమున పనులు సమకూరు ధరలోన అని వేమన పద్యం ఒప్పజెప్పి ఊరుకుంటే నా పని సులువే. కానీ ఏం సాధన చెయ్యాలో ఆ పద్యంలో లేదు. నాకు తెలిసిందల్లా పోస్టాఫీసు. అందులోంచే చెబుతాను.

1979లో నేను గుమస్తాగా చేరిన సబ్ పోస్టాఫీసు సముద్రానికి దగ్గర్లో ఉండేది. టపా సంచి పొద్దున్న బస్సులో వచ్చేది. వేళ ఎనిమిదిన్నర. ఆ వేళకి వచ్చిన రోజు నాకు గుర్తులేదు. తొమ్మిదికి రావచ్చు, తొమ్మిదిన్నరకి రావచ్చు. సంచి వస్తేగానీ పని మొదలుకాదు, వదిలేసి టీ తాగడానికి పోదామంటే అప్పుడే వచ్చేస్తుందేమోనని భయం. అలా ఊరికే కూర్చోలేక, పనికిరాని ఫారాల వెనకవైపు రాయడం మొదలుపెట్టాను. హారన్ వినపడగానే వాక్యం మధ్యలో వదిలేసి లేచేవాణ్ణి. ఆ సగం వాక్యం మర్నాటిదాకా బుర్రలో తిరుగుతూనే ఉండేది. భోజనం దగ్గర, సైకిలు మీద, నిద్రపట్టే ముందు. మర్నాడు కూర్చునేసరికి రెండో సగం తయారుగా ఉండేది. నువ్వు మూడ్ అంటున్నది నాకు ఆ రూపంలోనే తెలుసు.

2017లో రిటైరయ్యాను. ఇక రోజంతా నాదే కదా అని కొత్త బల్ల చేయించుకున్నాను, కిటికీ పక్కన వేయించాను. సంవత్సరం పాటు ఒక్క కథ రాయలేదు! పేపరు చదివేవాణ్ణి, బల్ల తుడిచేవాణ్ణి. మీ పెద్దమ్మ ఆ బల్ల మీద వడియాలు ఆరబెట్టడం మొదలుపెట్టాక సిగ్గేసింది. నాకు కావలసింది బల్ల కాదు, బస్సు అని అప్పుడు తెలిసొచ్చింది. ఇప్పుడు అయిదింటికి కూర్చుంటాను. పాలబ్బాయి బెల్లు కొట్టేదాకా నా టైము. ముప్ఫై అయిదు నిమిషాలు, మహా అయితే నలభై. బెల్లు మోగితే, ఎంత బాగా సాగుతున్నా లేవాల్సిందే. ఈ ఉత్తరం కూడా ఆ టైములోనే రాస్తున్నాను, ఇవాళ నాలుగో రోజు.

నీకు ఇరవై నిమిషాలు చాలు. రాత్రి వద్దు, అప్పటికి నీలో ఏమీ మిగలదు. పొద్దున్న, ఫోను ముట్టుకోకముందు. ఫోన్లోనే అలారం ఉందంటావు, ఒక అలారం గడియారం కొనుక్కో. ఏమీ తోచని రోజున నిన్న రాసిన పేజీని ఉన్నదున్నట్టు మళ్ళీ ఎత్తి రాయి. మూడో లైను దగ్గర ఎక్కడో ఒక మాట మార్చాలనిపిస్తుంది. ఆ పూట పని మొదలైనట్టే.

ఉద్యోగం అడ్డమనుకోకు. రావిశాస్త్రిగారు విశాఖలో వకీలు. సారా కేసుల్లో ఇరుక్కున్న బీదాబిక్కీ, పోలీసులు, దళారులు ఆయన కథల్లోకి కోర్టు వరండాల్లోంచే నడిచొచ్చారు. కథకుడు కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావుగారు, హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. నీ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మాత్రం మనుషులు లేరా? అప్రైజల్ రోజున క్యాంటీన్‌లో ఎవరు ఎవరి పక్కన కూర్చోరో చూశావా? నీ కథలో మాత్రం వాన, కాలువ గట్టు, నాయనమ్మ. నువ్వు ఊరు వదిలి ఎనిమిదేళ్ళయింది.

ఆ నాయనమ్మ దగ్గరికే వస్తాను. నీ కథలో ఆవిడ మనవరాలి తల నిమురుతూ "జీవితం మనకు ఎన్నో పాఠాలు నేర్పుతుంది తల్లీ" అంటుంది. మీ నాయనమ్మ, అదే మా పిన్నిగారు, నాకు నలభై ఏళ్ళుగా తెలుసు. ఆవిడ అలా అనదు. "ముందు అన్నం తిని ఏడు" అంటుంది.

ఈ తప్పు నేనూ చేశాను, అదీ పరాయివాళ్ళ ఉత్తరంలో. మా వైపు మత్స్యకారులు వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతారు, తెలిసిందే కదా. వాళ్ళ ఇళ్ళవాళ్ళు పోస్టాఫీసుకొచ్చి నాచేత ఉత్తరాలు రాయించుకునేవారు. ఒకావిడ వచ్చి కొడుక్కి రాయమంది. "నాను బాగున్నానని రాయి బాబూ. డబ్బులు అడగొద్దు. ఇల్లు కారతందని మాత్రం రాయి." అప్పటికే నా కథ ఒకటి అచ్చయి ఉంది, చెయ్యి ఊరుకోలేదు. 'నీ క్షేమమే నా ఊపిరిగా ఎదురుచూస్తున్న తల్లి' అని మొదలుపెట్టి ఇన్లాండు కవరు నింపేశాను. చదివి వినిపించమంది. విని, కాసేపు మాట్లాడలేదు. "ఇది నా మాట కాదు బాబూ. ఇది ఇంటే మావోడు నాకేటో అయిపోనాదని బయపడతాడు" అంది.

ఇంకో కవరు నా డబ్బుతో కొని, ఆవిడ చెప్పిన మూడు ముక్కలే రాశాను. డబ్బు అడగనంటూనే ఇల్లు కారుతోందని చెప్పడంలో ఎంత ఉందో ఆ రోజు నాకు తట్టలేదు. చాలా ఏళ్ళకి తట్టింది. ఆ నెల మనియార్డరు వచ్చింది, అదైతే గుర్తుంది.

కాబట్టి జేబులో పట్టే నోటుబుక్కు ఒకటి పెట్టుకో. రోజుకి మూడు మాటలు రాయి. నీ ఆలోచనలు కాదు, విన్నవి. క్యాబ్ డ్రైవరు ఫోన్లో భార్యతో అన్నది, లిఫ్టులో ఎవరో ఎవరికో చెప్పింది, మీ మేనేజరు సారీ చెప్పకుండా సారీ చెప్పిన తీరు. అన్నవాళ్ళు అన్నట్టే రాయాలి, వ్యాకరణం సరిచెయ్యకూడదు. ఆర్నెల్లు పోయాక తిరగేస్తే అందులో సగం చప్పగా ఉంటాయి. పర్వాలేదు. ఆ అలవాటుతో నీ చెవికి పని దొరుకుతుంది, నాకు కావలసింది అదే.

రాసిన వెంటనే ఎవరికైనా పంపాలని, ఎవరో ఒకరు సూపర్ అనాలని ఉంటుంది. నాకూ ఉండేది. పంపకు. నెల రోజులు పక్కన పెట్టి, తలుపేసుకుని పైకి చదువు. నోరు ఎక్కడ తొట్రుపడుతుందో అక్కడ అబద్ధమో అలంకారమో ఉంటుంది. నాకు ఆ ముసలావిడ నేర్పిన పద్ధతి ఇది, ఇప్పటికీ పనిచేస్తోంది. ఇక తిరగరాయడం గురించి మన విజయనగరమే ఉంది. సంస్థానం కొలువులో ఉంటూ గురజాడ రాసిన కన్యాశుల్కం 1892లో ఆడారు, 1897లో అచ్చయింది. జనం మెచ్చుకున్నారు కూడా. అయినా ఆయన ఊరుకోలేదు. 1909లో వచ్చిన కూర్పు దాదాపు కొత్త నాటకం. ఇవాళ మనం చెప్పుకునే మధురవాణి ఆ రెండోసారిలోనే అంతమనిషి అయింది. మొదటిదానితో ఆగిపోయి ఉంటే మనకి ఆవిడ అంతగా దొరికేది కాదు.

తిరిగొచ్చే కథల గురించి అడిగావు. అప్పట్లో పత్రికకి కథ పంపితే, స్టాంపులంటించిన తిరుగు కవరు కూడా లోపల పెట్టాలి. నా కవరు నా పోస్టాఫీసుకే వస్తుంది, దాని మీద తేదీ ముద్ర నేనే కొట్టాలి! పోస్ట్‌మాన్ దాన్ని బీటులోకి తీసుకెళ్ళకుండా నవ్వుతూ బల్ల మీద పెట్టేవాడు. మొదటి మూడేళ్ళలో పదిహేడు ముద్రలు కొట్టుకున్నాను. బాధ ఉండదని చెప్పను. ఒక లెక్కల పుస్తకం పెట్టి కథ పేరు, పంపిన తేదీ, తిరిగొచ్చిన తేదీ, మళ్ళీ ఎక్కడికి పంపానో రాసేవాణ్ణి. రిజిస్టరులో ఎక్కించాక అది ఆఫీసు పనిలా కనిపించేది, గుండెల్లోంచి కాస్త పక్కకి జరిగేది. నువ్వు ఎక్సెల్‌లో పెట్టుకో.

చదవడం గురించి ఎక్కువ చెప్పను, నువ్వు చదువుతావు. కానీ కలగాపులగంగా చదువుతావు. సంక్రాంతికి వచ్చినప్పుడు నాతో శ్రీకాకుళం రా, కథానిలయానికి తీసుకెళ్తాను. కారా మాస్టారు తనకొచ్చిన పురస్కారాల డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరి 22న తెరిచిన కథల గ్రంథాలయం. తెలుగు కథ అచ్చయిన పాత పత్రికలూ సంపుటాలూ ఊరూరా తిరిగి పోగుచేసిన మనిషాయన. అక్కడ ఒకే రచయితవి పది కథలు వరసగా చదువు. ఆరో కథ దగ్గర ఆయన తన అలవాట్లేమిటో నీకు పట్టిస్తాడు. నచ్చిన ఒక్కదాన్ని ఇంటికొచ్చాక చేత్తో ఎత్తి రాయి, టైపు చెయ్యకు. పేరా ఎక్కడ ఆపాడో కళ్ళు దాటేస్తాయి, చెయ్యి దాటెయ్యదు.

వచ్చే నెల నాకు కథ పంపొద్దు. ఆ నాయనమ్మ కథ కూడా ప్రస్తుతం ముట్టుకోకు. నోటుబుక్కులో విన్న మాటల్లోంచి అయిదు ఏరి, పోస్టుకార్డు మీద రాసి పంపు. వాట్సాప్‌లో కాదు. కార్డు ఇప్పటికీ అర్ధరూపాయే. అందులో జాగా తక్కువ కాబట్టి

పాలబ్బాయి వచ్చాడు. ఉంటాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న