స్టూడియోలో సైటుగా పాత భవనం ఇస్తే: ముందు టేపు పట్టుకోండి

మీ ప్రశ్న ఇది: ఆర్కిటెక్చర్ నాలుగో ఏడాది స్టూడియోలో, అంటే డిజైన్ క్లాసులో, నగరం మధ్యలో ఉన్న పాత భవనం ఇచ్చారు, కూల్చకుండా మార్చి పైన రెండంతస్తులు వేయమన్నారు, నెలైనా కాన్సెప్ట్ తట్టట్లేదు, ఖాళీ స్థలం వచ్చిన బ్యాచ్ హాయిగా ఉంది, ఏం చేయాలి?

కాన్సెప్ట్ సంగతి తర్వాత. ఆ భవనాన్ని మీరు కొలిచారా? సీనియర్లు ఇచ్చిన క్యాడ్ ఫైలు (కంప్యూటర్లో గీసిన డ్రాయింగు) తెరిచి చూడడం కొలవడం కాదు. ఆ ఫైలు నమ్మి నేను మునిగాను కాబట్టి చెబుతున్నా.

నాకు పడింది మూతపడ్డ ప్రింటింగ్ ప్రెస్సు. రెండంతస్తులు. కింద లైబ్రరీ, పైన కొత్తగా హాస్టల్ గదులు వేయాలి. ఫైల్లో కాలమ్స్ (స్తంభాలు) అన్నీ 4.2 మీటర్ల దూరంలో చక్కగా వరసలో ఉన్నాయి. నేనూ ఆ గ్రిడ్ మీదే గదులు పేర్చేశాను. షీట్లు అందంగా వచ్చాయి. మిడ్ జ్యూరీకి, అంటే సెమిస్టర్ మధ్యలో మన షీట్లు చూసి ప్రశ్నలడిగే రోజుకి, బయటినుంచి వచ్చిన ఒక పెద్దాయన నా ప్లాన్ మీద పెన్సిల్ ఆనించి, "ఈ కాలమ్ కింద ఏముంది బాబూ?" అన్నారు.

"పునాది సార్, ఫుటింగ్."

"చూశావా?"

"డ్రాయింగులో ఉంది సార్."

"ఆ డ్రాయింగు ఎవరు గీశారు?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన పెన్సిల్ జేబులో పెట్టుకుని పక్క షీటు దగ్గరికి వెళ్ళిపోయారు. తిట్టినా బావుండేది.

మర్నాడు ఫ్రెండుని వెంటేసుకుని అయిదు మీటర్ల టేపుతో వెళ్ళాను. గోడకీ కిటికీకీ మధ్య ఒకటి, కిటికీ ఒకటి, మళ్ళీ గోడ ఒకటి, ఇలా ముక్కలుముక్కలుగా కొలిచి కూడాం. బయట కొలతకీ దానికీ 18 సెంటీమీటర్ల తేడా. ప్రతి ముక్కలో పడిన చిన్న తప్పు చివరికి అంత అయింది. సున్నాని ఒకే మూల దగ్గర పట్టుకుని, టేపు ఎత్తకుండా వరసగా చదువుకుంటూ పోవాలని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత కర్ణాలు కొలిస్తే రెండిటికీ 11 సెంటీమీటర్లు తేడా. దీర్ఘచతురస్రం అనుకున్న హాలు కాస్త ఒక పక్కకి ఒరిగి ఉంది. అన్నీ అయ్యాయనుకుని వచ్చేశాక గోడ మందం రాసుకోలేదని గుర్తొచ్చి మళ్ళీ పరిగెత్తాం.

అసలు దెబ్బ కాలమ్స్ దగ్గర తగిలింది. 4.20, 4.20, 3.90, 4.75. మేమే తప్పు చదివామనుకుని మూడుసార్లు కొలిచాం. అవే అంకెలు. ఆ 4.75 దగ్గర నేల మీద నాలుగు బోల్టులు, నేలకి సమంగా కోసేసి, తుప్పు పట్టి ఉన్నాయి. చుట్టూ ఎన్నేళ్ళయినా వదలని నూనె మరక. మెషిన్ కూర్చున్న చోటు అది. అక్కడి వాచ్‌మన్‌ని అడిగితే ఎదురు గోడ చూపించి, "కాగితం రీళ్ళు ఇటునుంచే వచ్చేవి సార్" అన్నాడు. దగ్గరికెళ్ళి చూస్తే నిజమే, పెద్ద తలుపంత మేర ఇటుకల రంగు వేరు. తల పైకెత్తితే స్లాబులో చెక్కలతో మూసేసిన కన్నం ఒకటి ఉంది, సరుకు పైకి లాగడానికి వదిలింది.

మెట్లకీ లిఫ్టుకీ నేను ఇంకో చోట స్లాబు కోసేస్తూ కూర్చున్నాను, షీటు మీద. నెల్లాళ్ళుగా నేను వెతుకుతున్న కాన్సెప్ట్ ఎవరో ముందే కొట్టిపెట్టిన కన్నం! మూసేసిన తలుపు తెరిస్తే అదే ప్రధాన ద్వారం, దాని ఎదురుగానే మెట్లు. పాత అంతస్తు ఎత్తు 4.4 మీటర్లు, అంటే 26 మెట్లు, ఒక్కోటీ 169 మిల్లీమీటర్లు. పైన కొత్త గదులకి 3 మీటర్లు, 18 మెట్లు, ఒక్కోటీ దాదాపు 167. ఎక్కే కాలికి తేడా తెలియదు. సెక్షన్, అంటే భవనాన్ని నిలువునా కోసినట్టు చూపే డ్రాయింగు, దానంతటదే గీసుకుపోయింది.

పైన వేసే అంతస్తుల బరువు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ దాటేసేది అక్కడే. పాత గోడల నెత్తిన పెట్టేసి చేతులు దులుపుకుంటారు. పాత పునాది కింద మట్టి ఎన్నో ఏళ్ళుగా అణిగి కుదురుకుని ఉంటుంది. కొత్త పునాది వేస్తే అది ఇప్పుడు కొంచెం దిగుతుంది. రెండిటినీ బిగించి కట్టేస్తే పగుళ్ళు గ్యారంటీ. నేను స్టీలు కాలమ్స్ లోపల విడిగా దింపి, వాటికి వేరే ఫుటింగులు పెట్టి, పాత గోడకీ కొత్తదానికీ మధ్య జాయింట్ (సన్నటి సందు) వదిలాను. స్టీలు ఎందుకంటే అంతే బరువు మోసే కాంక్రీటు ఫ్రేము కంటే స్టీలు ఫ్రేము తేలిక, పాత భవనం లోపల ముక్కలుగా తీసుకెళ్ళి బిగించుకోవచ్చు.

హాంబర్గ్‌లో 2017లో తెరిచిన ఎల్బ్‌ఫిల్‌హార్మొనీ ఫోటో మీ బ్యాచ్‌లో కనీసం ముగ్గురు అంటించి ఉంటారు, పందెం. 1960ల నాటి గోదాము మీద గాజు సంగీత కచేరీ హాలు. ఆ గోదాము లోపలంతా తీసేసి బయటి గోడలు మాత్రమే ఉంచారని, బరువు మోయడానికి కింద వందలాది కొత్త పైల్స్ (లోతైన పునాది స్తంభాలు) దింపారని ఒక్కరూ రాయరు. ఇంకో షీటు మీద లండన్ టేట్ మోడర్న్. పవర్ స్టేషన్‌ని 2000లో మ్యూజియం చేసిన ఆ టర్బైన్ హాలు 155 మీటర్ల పొడవు. మన సైటేమో రెండంతస్తుల ప్రెస్సు! ఎండ ఇటునుంచి, గాలి అటునుంచి అని బాణాలు గీసి సైట్ ఎనాలిసిస్ అనడం మీద నాకు ఇంకా పెద్ద కోపం ఉంది గానీ అది మొదలుపెడితే మీ సబ్మిషన్ దాటిపోతుంది.

చూడాలంటే లాకటన్, వాసాల్‌ల పని చూడండి. 2021లో ఆర్కిటెక్చర్‌లో పెద్ద అవార్డయిన ప్రిట్జ్‌కర్ వచ్చిన జంట. ఫ్రాన్స్‌లోని బోర్డోలో మరో ఇద్దరు ఆర్కిటెక్టులతో కలిసి మూడు పాత అపార్ట్‌మెంటు బ్లాకుల్లో 530 ఫ్లాట్లకి బయటివైపు 3.8 మీటర్ల లోతున అదనపు వరండాలు తగిలించారు, జనం లోపల కాపురాలు చేసుకుంటుండగానే. అంతకుముందు, 1996లో, అదే నగరంలో ఒక చిన్న కూడలిని అందంగా మార్చమని పిలిస్తే, వెళ్ళి చూసి, అది బాగానే ఉంది, కంకర మార్చి, చెట్లు బాగుచేసి, తరచుగా ఊడిస్తే చాలు అన్నారు. అంతే ప్రాజెక్టు. స్టూడియోలో ఇది ప్రయత్నించకండి, ఫెయిల్ చేస్తారు. కానీ అలా చెప్పాలంటే ఆ చోటుని ఎంతసేపు చూసి ఉండాలి!

ఖాళీ స్థలం వచ్చినవాళ్ళని చూసి ఈర్ష్య పడకండి. వాళ్ళకి ఆనుకోవడానికి గోడ కూడా లేదు, ఏం గీసినా "ఎందుకిలా?" అంటే తెల్లమొహమే. నాకు 4.75 అనే అంకె ఉంది. ఫైనల్ జ్యూరీలో అరగంట దాని గురించే మాట్లాడాను. మార్కులు గొప్పగా ఏం రాలేదు, కొలతలకే సగం సెమిస్టర్ అయిపోవడంతో రెండు రెండర్లు (భవనాన్ని ఫోటోలా చూపే బొమ్మలు) తక్కువ పడ్డాయి, రెండర్ లేని షీటుని ఎవడు చూస్తాడు. అయినా ఆ సెమిస్టర్‌లో గీసిన సెక్షన్ ఒక్కటే ఇప్పటికీ దాచుకున్నాను.

రేపే వెళ్ళండి. 30 మీటర్ల టేపు తీసుకెళ్ళండి, అయిదు మీటర్లదానితో మేం పడ్డ పాట్లు చాలు. అవతలి కొస పట్టుకోవడానికి విసుక్కోని ఫ్రెండు కావాలి. వాచ్‌మన్‌తో కాసేపు కూర్చుని, వాన పడితే నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో అడగండి. గోడ మందం మర్చిపోకండి.