క్యూ నిండిపోతే ముందు మ్యాక్స్‌డెప్త్ జోలికి వెళ్లకండి

ఐబీఎమ్ ఎంక్యూలో (ఒక ప్రోగ్రాం వేసిన మెసేజ్‌ని ఇంకో ప్రోగ్రాం తీసుకునేదాకా క్యూలో దాచి ఉంచే సాఫ్ట్‌వేర్) 2053, అంటే క్యూ నిండిందనే ఎర్రర్ వస్తోంది, మ్యాక్స్‌డెప్త్ (క్యూలో గరిష్ఠంగా పట్టే మెసేజ్‌ల సంఖ్య) 5000 ఉంది, లక్ష చేస్తే సరిపోతుందా అని అడిగారు. చేసుకోండి, 99 కోట్ల పైచిలుకు దాకా పెట్టుకోనిస్తుంది, ఎవరూ ఆపరు. కాకపోతే లక్షా నిండాక మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు.

గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్ల సిస్టమ్స్ చూసేవాణ్ణి. మార్చి, మిర్చి సీజన్ మంచి ఊపు మీదుంది, లారీలు రోడ్డు దాకా బారులు. దింపిన ప్రతి టిక్కీకీ (మిర్చి బస్తాకీ) కాటా దగ్గరి ప్రోగ్రాం ఒక మెసేజ్ వేస్తుంది, స్టాకు ప్రోగ్రాం దాన్ని తీసి లెక్కలో రాస్తుంది. లారీకి రెండు మూడొందల టిక్కీలనుకున్నా ఇరవై లారీలకే 5000 అయిపోతుంది, అయిపోయింది కూడా. బయట హారన్లు, లోపల ఘాటుకి తుమ్ములు, మేనేజరు గారేమో "పెంచెయ్యవయ్యా, ముందు పెంచెయ్" అని నెత్తిన కూర్చున్నారు. ఆయన మాట మీద రెట్టింపు చేస్తే సాయంత్రానికి అదీ నిండింది.

క్యూ వివరాల్లో ఐపీప్రాక్స్ 1 అని కనిపిస్తోంది కాబట్టి చదివే ప్రోగ్రాం బాగానే ఉందని అందరి ధీమా. ఐపీప్రాక్స్ అంటే క్యూని తెరిచి పట్టుకున్నారని, అంతే, చదువుతున్నారని కాదు. మొదటి మెసేజ్‌ని తియ్యకుండా బ్రౌజ్ చేసి చూస్తే బ్యాకౌట్ కౌంట్ (తీసి మళ్లీ వెనక్కి పెట్టేసిన సార్ల లెక్క) వేలల్లో ఉంది! రైతు పేరు ఖాళీగా వచ్చిన చీటీ అది. తియ్యడం, డేటాబేస్ ఒప్పుకోకపోవడం, రోల్‌బ్యాక్ (చేసిన పని రద్దు), అది మళ్లీ క్యూ మొదట్లోకే రావడం, పొద్దున్నుంచీ ఇదే తంతు. దాన్ని పక్కకు తీశాక మిగతావి చకచకా ఖాళీ అయ్యాయి.

కాబట్టి బోత్రెష్ (ఎన్నిసార్లు వెనక్కొస్తే చెడ్డ మెసేజ్ అనుకోవాలన్న హద్దు), బ్యాకౌట్ క్యూ (అలాంటివి పక్కన పెట్టే క్యూ) పెట్టుకోండి. పెట్టినంత మాత్రాన క్యూ మేనేజర్ (క్యూలను నడిపే ఎంక్యూ సర్వర్) తనంతట తాను చెడ్డ మెసేజ్‌ని పక్కకు తోసెయ్యదు, జేఎంఎస్ (జావా ప్రోగ్రాములు మెసేజ్‌లకు వాడే పద్ధతి) అయితే ఆ లైబ్రరీ చూసుకుంటుంది, సీలోనో కోబాల్‌లోనో రాసిన ప్రోగ్రామైతే ఆ పని మీరే రాసుకోవాలి. నిజంగా పెంచాల్సి వస్తే గంటకెన్ని మెసేజ్‌లొస్తాయి, చదివేది ఎంతసేపు ఆగొచ్చు, రెండూ గుణించి డిస్కులో చోటుందో లేదో చూసుకుని పెంచండి.

ఇంకో సంగతి, 80 శాతం నిండగానే అలర్ట్ వస్తుందని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఆ అలర్ట్‌లు రావడానికి ఆన్ చెయ్యాల్సిన పెర్ఫ్‌ఎంఈవీ అనే సెట్టింగ్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. ఆన్ చేసినా ఆ అలర్ట్ ఇంకో క్యూలో పడే మెసేజే కదా, దాన్నెవరు చదువుతున్నారు? నేను చూసిన చోట్ల ఎవరూ లేరు.

మీ క్యూ ఐపీప్రాక్స్, మొదటి మెసేజ్ బ్యాకౌట్ కౌంట్ ఇక్కడ పెట్టండి, లక్షా రెండు లక్షలా అన్నది తర్వాత మాట్లాడుకుందాం.