పాఠకుల ప్రశ్నలు: ఒకచోట ముట్టుకుంటే మూడుచోట్ల తప్పే కోడు

ప్రశ్న: రొయ్యల కొనుగోలు వ్యాపారం మాది. పట్టుబడి రోజు రైతుకు బిల్లు ఇచ్చే వెబ్ అప్లికేషన్‌ను ఎనిమిదేళ్ల కిందట పీహెచ్‌పీలో రాయించాం. రాసినవాళ్లు మానేశారు. ఇప్పుడు నేనూ ఇంకో కుర్రాడూ చూసుకుంటున్నాం. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) రేటు లెక్కలో చిన్న మార్పు చేస్తే రైతు ఖాతా రిపోర్టు తప్పుతోంది. మొత్తం కొత్తగా రాసేయమని కొందరంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలండీ?
(భీమవరం పాఠకుడు)

జవాబు: కొత్తగా రాసే ఆలోచన ముందు పక్కన పెట్టండి. ఎనిమిదేళ్లలో చేరిన ఒక్కో ఇఫ్ (ఇలా అయితే అలా చెయ్యి అనే షరతు) వెనక ఏ రైతుతోనో, ఏ ఏజెంటుతోనో వచ్చిన పేచీ ఉంటుంది. అవి కాగితం మీద ఎక్కడా ఉండవు, కోడులోనే ఉంటాయి. కొత్తది రాస్తే ఆ పేచీలన్నీ మళ్లీ మొదటినుంచి పడాలి.

అసహ్యంగా ఉన్న ఫైలు కోసం వెతక్కండి. తరచూ ముట్టుకోవాల్సి వస్తున్న ఫైలు ఏదో చూడండి. గిట్‌లో (కోడులో చేసిన ప్రతి మార్పునూ దాచి ఉంచే ఉపకరణం) గడిచిన 12 నెలల కమిట్లు (అలా దాచిన మార్పులు) తీసి, ఏ ఫైలు పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. గిట్ లాగ్‌కు నేమ్-ఓన్లీ ఆప్షన్ ఇస్తే ప్రతి కమిట్ కింద మారిన ఫైళ్ల పేర్లు వస్తాయి. పక్క గడిలో ఆ ఫైలు ఎన్ని లైన్లో రాయండి. రెండు అంకెలూ పెద్దవిగా ఉన్న ఐదారు ఫైళ్లే మీ అసలు పని. రెండువేల లైన్లున్నా ఏడాదిగా ఎవరూ తెరవని ఫైలు జోలికి పోకండి, అది అలాగే పడి ఉండనివ్వండి. లెక్కలో లైబ్రరీల ఫోల్డరూ, వాటి వెర్షన్లు రాసి ఉండే లాక్ ఫైళ్లూ తీసెయ్యండి. స్పేసులు సర్దడానికి ఒకేసారి వంద ఫైళ్లు మార్చిన కమిట్లను కూడా కలపకండి, జాబితా అంతా తప్పుదారి పడుతుంది.

అదే లాగ్‌లో ఇంకో సంగతి దొరుకుతుంది: ఏ రెండు ఫైళ్లు ఎప్పుడూ ఒకే కమిట్‌లో కలిసి మారుతున్నాయి? మీ విషయంలో బిల్లు ఫైలూ రైతు ఖాతా రిపోర్టు ఫైలూ జంటగా కనిపిస్తాయనే మా అంచనా. అలా కనిపిస్తే కౌంటు రేటు లెక్క రెండుచోట్లా విడివిడిగా రాసి ఉందన్నమాట. బిల్లు సేవ్ చేసేటప్పుడు వచ్చిన మొత్తాన్ని దాచుకుని రిపోర్టు దాన్నే చదవాలి. అలా కాకుండా రిపోర్టు మళ్లీ మొదటినుంచి లెక్క కడుతుంటే, ఈరోజు మార్చిన సూత్రం పాత సీజన్ బిల్లులకూ వర్తించి ఖాతా తేలదు.

గిట్ అసలు లేకుండా ఎఫ్‌టీపీతో (ఫైళ్లను సర్వర్‌కు పంపే పద్ధతి) సర్వర్లో నేరుగా మారుస్తుంటే, ఈ సాయంత్రమే సర్వర్లో ఉన్నదాన్ని ఉన్నట్టుగా గిట్‌లో పెట్టండి. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలు మాత్రం వద్దు. బిల్లు, బిల్లు న్యూ, బిల్లు ఫైనల్ 2 అని మూడు ఫైళ్లు తప్పకుండా కనిపిస్తాయి. ఏది వాడుకలో ఉందో పేరును బట్టి తేల్చకండి. వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్‌లో బయటినుంచి పిలిచిన ఫైళ్లే కనపడతాయి, ఇన్‌క్లూడ్ అయినవి, అంటే ఆ ఫైళ్లు లోపల కలుపుకున్నవి, కనపడవు. ప్రతి రిక్వెస్టు చివర పీహెచ్‌పీ తాను కలుపుకున్న ఫైళ్ల జాబితాను లాగ్‌లో రాయించండి. నెలరోజుల లాగ్ చూసి తీసేస్తే మార్చి 31 ఖాతాల ముగింపు రిపోర్టు ఎగిరిపోవచ్చు, కాబట్టి ఆ రోజు దాటేదాకా ఓపిక పట్టండి.

ఇక బిల్లు ఫంక్షన్. ఒకే ఫంక్షన్ డేటాబేస్ చదవడం, లెక్క కట్టడం, హెచ్‌టీఎంఎల్ రాయడం మూడూ చేస్తుంటే దాన్ని వెంటనే విడదీయకండి. ముందు ఉన్నదున్నట్టు బిగించాలి. పాత బిల్లుల్లోంచి ఓ 200 ఏరండి. 30 కౌంటు నుంచి 100 దాకా ప్రతి మెట్టూ రావాలి. మెట్ల మధ్య పడే 43, 57 లాంటివీ, అడ్వాన్సు కోత ఉన్నవీ, తిరస్కరించిన సరుకు ఉన్నవీ అందులో ఉండాలి. ప్రతి బిల్లు ఇన్‌పుట్లూ, ఇప్పటి కోడు ఇచ్చే మొత్తమూ ఒక ఫైల్లో దాచండి. ఇకపై ప్రతి మార్పు తర్వాత ఆ 200 మళ్లీ నడిపి పైసాతో సహా సరిచూడండి. ఫంక్షన్ లోపల ఈరోజు తేదీని తనంతట తానే తీసుకునే లైన్ ఉంటే పరీక్ష రేపటికి పనికిరాదు. తేదీని బయటినుంచి పారామీటరుగా ఇవ్వడమే మీరు చేయాల్సిన మొదటి మార్పు.

ఆ తర్వాత లెక్క భాగాన్ని వేరే ఫంక్షన్‌లోకి తీయండి. అది డేటాబేస్‌నూ తాకకూడదు, స్క్రీన్‌నూ తాకకూడదు. రేట్లు ఇఫ్‌లలోంచి టేబుల్లోకి పోవాలి: కౌంటు, రేటు, ఏ తేదీ నుంచి. ఒక్కో ఫంక్షన్‌లో దారులెన్నో కొలిచే పద్ధతిని ప్రోగ్రామింగ్ నిపుణుడు థామస్ మెకేబ్ 1976లో చెప్పాడు, 10 దాటితే విడదీయమన్నాడు. ఆ కొలత చూపే ఉపకరణాలు పీహెచ్‌పీకి ఉన్నాయి. అయితే మెట్లను టేబుల్లోకి తీసేస్తే ఇఫ్‌లు చాలావరకు వాటంతటవే రాలిపోతాయి, అంకె కోసం ప్రత్యేకంగా తంటాలు పడక్కర్లేదు.

పాత లెక్కలో తప్పు దొరికితే? అక్కడికక్కడ దిద్దాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. సర్దే కమిట్‌లో మొత్తాలు మారకూడదు, తప్పు దిద్దే కమిట్ వేరేగా ఉండాలి. రెండూ కలిపేస్తే రేపు రైతు బిల్లు పట్టుకుని వచ్చి అడిగినప్పుడు ఏ మార్పు వల్ల తేడా వచ్చిందో మీకే తెలియదు.

ప్రశ్న: మా సరఫరా అప్లికేషన్‌లో జిల్లాల పేర్లు కోడులోనే రాసేశారు. జిల్లాలు మారినప్పుడు పదకొండు ఫైళ్లు దిద్దాం. ఇప్పటికీ కొవ్వూరు బిల్లులు పశ్చిమగోదావరి మొత్తంలోకే పోతున్నాయి. ఏం చేయాలి?
(కాకినాడ పాఠకురాలు)

జవాబు: 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు ఇలా ఇబ్బందిపడిన అప్లికేషన్లు చాలానే ఉన్నాయండీ. మీ కోడులో పాత జిల్లా పేరు చూసి కొత్త పేరు ఇచ్చే లైన్ ఎక్కడో ఉంటుంది. పాత జిల్లాకు కొత్త జిల్లా అనే జత ఇక్కడ కుదరదు. పాత తూర్పుగోదావరి నుంచి కాకినాడ, కోనసీమ విడిపోయాయి. పాత పశ్చిమగోదావరిలోని కొవ్వూరు, నిడదవోలు వైపు మండలాలు కొత్త తూర్పుగోదావరిలో కలిశాయి. భీమవరం, తణుకు మాత్రం పశ్చిమగోదావరిలోనే ఉన్నాయి. కాబట్టి జిల్లాను నిర్ణయించేది మండలమే.

మండలాలకు ఒక టేబుల్, జిల్లాలకు ఒక టేబుల్ పెట్టండి. ఈ రెండింటినీ కలిపే మూడో టేబుల్లో ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు అనే రెండు గడులు ఉండాలి. కస్టమరు దగ్గర మండలం నంబరు మాత్రమే దాచండి. డేటాలో తూ.గో., తూర్పు గోదావరి, ఈస్ట్ గోదావరి అని ఒకే జిల్లా మూడు రకాలుగా రాసి ఉంటుంది. వాటిని చేత్తో సర్దక తప్పదు. వేరువేరు రూపాలన్నీ ఒక్కసారి జాబితా తీస్తే పని అనుకున్నంత ఉండదు.

పాత ఇన్వాయిస్‌ల మీద అచ్చయిన జిల్లాను మార్చకండి. అది ఆ రోజు ఇచ్చిన పత్రం. జీఎస్టీ రేట్లదీ ఇదే కథ: 2025 సెప్టెంబర్ 22న 12, 28 శాతం శ్లాబులు చాలావరకు ఎత్తేసినప్పుడు రేటును తేదీతో సహా టేబుల్లో పెట్టుకున్నవాళ్లు ఒక వరుస చేర్చి ఊరుకున్నారు. కోడులో అంకెలు రాసుకున్నవాళ్లు 12 అని వెతికి 12వ నెల డిసెంబరును కూడా 5 చేసుకునే ప్రమాదంలో పడ్డారు.

ప్రశ్న: రిటర్న్ బిల్లుల్లో మాత్రమే స్క్రీన్ మీద ఒక మొత్తం, ప్రింటులో ఒక రూపాయి తేడా. మామూలు బిల్లులు బాగానే ఉన్నాయి. రెండు నెలలుగా వెతుకుతున్నాం.
(తణుకు పాఠకుడు)

జవాబు: మొత్తం చివర సరిగ్గా 50 పైసలున్న బిల్లుల్లోనే ఇలా జరుగుతోందేమో చూడండి. రిటర్న్ మొత్తం మైనస్‌లో ఉంటుంది కదా. మైనస్ 1250.50ను జావాస్క్రిప్ట్ మ్యాథ్ రౌండ్‌కు ఇస్తే మైనస్ 1250 వస్తుంది. అదే పీహెచ్‌పీ రౌండ్‌కు ఇస్తే మైనస్ 1251 వస్తుంది. మొదటిది సగాన్ని పైవైపుకు జరుపుతుంది, రెండోది సున్నాకు దూరంగా జరుపుతుంది. ప్లస్ మొత్తాల్లో రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టే ఇన్నాళ్లూ దొరకలేదు.

జావాస్క్రిప్ట్ వైపు మైనస్‌కు ఒక ఇఫ్ పెడితే ఈ బిల్లు సరిపోతుంది, రోగం మాత్రం ఉంటుంది. ఒకే మొత్తాన్ని రెండు భాషల్లో రెండుచోట్ల లెక్కపెట్టడమే అసలు తప్పు. లెక్క సర్వర్లోనే జరగనివ్వండి, స్క్రీన్ ఆ జవాబునే అడిగి చూపించాలి. టైపు చేస్తుండగానే అంకె కనిపించాలంటే దాని పక్కన అంచనా అని రాయండి. సేవ్ అయ్యాక సర్వర్ ఇచ్చిందే ఉంచండి. పనిలో పనిగా డబ్బును పైసల్లో పూర్ణాంకంగానో, డేటాబేస్ డెసిమల్ రకంగానో దాస్తున్నారో లేదో చూసుకోండి. ఫ్లోట్‌లో (దశాంశాలను సుమారుగా దాచే రకం) ఉంటే 0.1కి 0.2 కలిపినా సరిగ్గా 0.3 రాదు.

ప్రశ్న: పచ్చి కొబ్బరికాయల బిల్లు, ఎండుకొబ్బరి బిల్లు కోడు దాదాపు ఒకటే. కలిపేయమంటారా?
(అంబాజీపేట పాఠకుడు)

జవాబు: కాయకు రేటు వెయ్యికి, ఎండుకొబ్బరికి తూకం మీద. ఇప్పుడు రెండూ పరిమాణాన్ని రేటుతో గుణించడమే కాబట్టి ఒకేలా కనిపిస్తున్నాయి. రేపు కాయల్లో పనికిరానివి తీసేసి లెక్కపెట్టాలన్నా, కొబ్బరిలో తేమకు కోత వేయాలన్నా కలిపిన ఫంక్షన్‌లోకి ఇది కాయా కొబ్బరా అనే ఇఫ్‌లు వచ్చి పడతాయి. రెండూ మారే కారణాలు వేరు, కాబట్టి కలపకండి. ప్రింటు పేజీ, రైతు చిరునామా, ఖాతాలో జమ మాత్రం నిజంగా ఒకటే, అవి కలపండి. రెండు ఫంక్షన్లలోనూ రేట్ అని ఉన్న పేరును వెయ్యికి రేటు, కేజీకి రేటు అని ముందే మార్చేయండి. ఆ ఒక్క పేరు వల్ల మొత్తం వెయ్యి రెట్లు అయిపోయేదాకా ఎందుకు?