ఐడహోలో గైడ్‌తో ఎలుగు వేట: హౌండ్స్‌తోనా, బెయిట్ మీదా?

సియాటిల్‌లో ఉద్యోగం, హెచ్-1బి వీసా, తుపాకీ కొత్త. ఆఫీసు స్నేహితులతో కలిసి వచ్చే వసంతంలో ఐడహోలో నల్ల ఎలుగు వేటకి వెళ్దామనుకుంటున్నారు. ఒక ఔట్‌ఫిట్టర్ (డబ్బు తీసుకుని వేటకి తీసుకెళ్ళేవాడు) హౌండ్స్‌తో, అంటే వేటకుక్కలతో తీసుకెళ్తానంటున్నాడు, ఇంకొకాయన కాస్త తక్కువకి బెయిట్ మీద, అంటే ఎలుగుకి ఎర పెట్టిన చోట కూర్చోబెడతానంటున్నాడు. ఎవరితో వెళ్ళాలి అని కదా అడిగారు.

నేను ఐడహోలోనే బాయిసీలో ఉంటాను, రెండు రకాలుగానూ వెళ్ళాను. మొదటిసారి అయితే బెయిట్ మీదే కూర్చోండి. తక్కువ ఖర్చు అని చెప్పడం లేదు. కాల్చకుండా వదిలేసే వీలు అక్కడ ఎక్కువ. అదెలాగో చెప్తాను గానీ, గైడ్లు ఎవరూ ఎత్తని సంగతి ఒకటి ముందు వినండి.

ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. మనకి పనికొచ్చేది ఒకటే: అమెరికాలో ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ చేతిలో ఉండటం. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి ఈ గొడవ లేదు. కాబట్టి ముందు లైసెన్స్, తర్వాతే రైఫిల్. ఫ్రెండ్ రైఫిల్ అయినా అంతే, ప్రాక్టీసుకి రేంజికి వెళ్ళినా అంతే. తేడా వస్తే ఫైన్ కట్టి బయటపడేది కాదు, ఫెడరల్ నేరం, నేరుగా వీసాకే ఎసరు. మీ ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక మెయిల్ పెట్టి అడగండి. 1975 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి ఐడహోలో లైసెన్స్ కావాలంటే హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ చూపించాలి. ఆ కోర్సు ఈ చలికాలంలోనే పూర్తి చేసుకోండి.

మీ వాషింగ్టన్‌లో ఈ రెండు పద్ధతులూ దొరకవు. 1996లో ఓటర్లే నిషేధించారు. ఒరెగాన్ అంతకు రెండేళ్ళ ముందు, కొలరాడో 1992లో అదే పని చేశాయి. ఐడహోలో కూడా 1996లోనే ఓటు పెట్టారు, అక్కడ మాత్రం నిషేధం ఓడిపోయింది. మెయిన్ రాష్ట్రంలో 2004లో ఒకసారి, 2014లో ఒకసారి ఓడిపోయింది. మోంటానా 2021లో హౌండ్స్‌కి ఒప్పుకుంది గానీ బెయిట్‌కి ఇప్పటికీ ఒప్పుకోదు. అందుకే రెండిట్లో ఏదని తేల్చుకునే అవకాశం మీకు దగ్గర్లో ఐడహోలోనే ఉంది. ఇక్కడా అన్ని యూనిట్లలో (వేట కోసం రాష్ట్రాన్ని విభజించిన ప్రాంతాల్లో) అనుమతి లేదు, సీజన్ కూడా యూనిట్‌ని బట్టి ఏప్రిల్ నుంచి జూన్ దాకా మారుతుంది. ఔట్‌ఫిట్టర్ చెప్పిన యూనిట్ నంబరు తీసుకుని ఫిష్ అండ్ గేమ్ (వేట వ్యవహారాలు చూసే రాష్ట్ర శాఖ) వాళ్ళ రూల్స్ బుక్కులో మీరే చూసుకోండి.

ఇక బెయిట్. అడవిలో ఒక చెట్టుకి గొలుసేసి కట్టిన 55 గ్యాలన్ల ఇనప డ్రమ్ము, పక్కన ఒక కన్నం. లోపల పాత డోనట్లు, పాప్‌కార్న్, ఎండిన బ్రెడ్డు, హోటళ్ళలో వాడేసిన నూనె. దగ్గరికెళ్తే పెళ్ళైన మర్నాడు వంటశాలలో వచ్చే వాసన. ఆ నూనె ఊరికే పొయ్యరు. ఎలుగు దాన్ని తొక్కుకుంటూ పోతే ఆ అడుగుల వాసన పట్టుకుని ఇంకో ఎలుగు వస్తుంది. చాక్లెట్ వేస్తారేమో అడగండి, వేస్తామంటే వదిలేయండి. 2014లో న్యూ హాంప్‌షైర్‌లో ఒక బెయిట్ దగ్గర చాక్లెట్ తిని నాలుగు ఎలుగులు చచ్చిపోయాయి, రెండు తల్లులు, రెండు పిల్లలు. ఆ తర్వాత ఆ రాష్ట్రం చాక్లెట్‌ని నిషేధించింది.

మీరు చెట్టు మీద స్టాండ్‌లోనో, నేల మీద గుడారం లాంటి బ్లైండ్‌లోనో మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా కూర్చోవాలి. కదలకూడదు, దగ్గకూడదు. దోమలుంటాయి, వాటిని తరిమే థర్మాసెల్ పరికరం లేకుండా వెళ్ళకండి. మొదటి రెండు గంటలు ఫోన్ చూడాలనిపిస్తుంది, ఆ తర్వాత అదీ విసుగే. ఎలుగు చప్పుడు చేసుకుంటూ రాదు. ఉడతల గోల ఠక్కున ఆగిపోతుంది, తల తిప్పి చూసేసరికి డ్రమ్ము పక్కన నిలబడి ఉంటుంది. నా మొదటి ఎలుగు వచ్చీ రాగానే పిర్రల మీద చతికిలబడి, భుజం దాకా చెయ్యి కన్నంలో దూర్చి, డోనట్ తీసి పక్కకి తిరిగి తింది. చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. కాల్చలేదు. దాని చెవులు తలకి పెద్దగా, నిక్కబొడుచుకుని ఉన్నాయి, అంటే కుర్రది. ముదురు మగదాని తల వెడల్పుగా ఉండి చెవులు చిన్నగా, పక్కలకి జరిగినట్టు కనిపిస్తాయి.

డ్రమ్ము పక్కనే ఉంటుంది కాబట్టి సైజు పోల్చుకోవడం తేలిక. దాని ఎత్తు దాదాపు మూడడుగులు, చుట్టూ రెండు గట్లుంటాయి. నాలుగు కాళ్ళ మీద నిలబడిన ఎలుగు వీపు పై అంచు దాకా వస్తే అది పెద్దది. పిల్లలున్న ఆడదాన్ని ఐడహోలో కాల్చకూడదు. తల్లి ముందొచ్చి, పిల్లల్ని వెనకాల పొదలోనో చెట్టు మీదో ఉంచడం మామూలే. అందుకని ఏ ఎలుగు వచ్చినా కాసేపు ఆగి వెనక చూడాలి. తిండి ముందు కూర్చున్న ఎలుగు మీకు ఆ కాసేపు ఇస్తుంది. ట్రెయిల్ కెమెరా ఫొటోలు చూసి ఏది ఏ వేళకి వస్తుందో గైడ్ ముందే చెప్తాడు కూడా.

హౌండ్స్ వేట పూర్తిగా వేరు. తెల్లారకముందే ట్రక్కెక్కి లాగింగ్ రోడ్ల మీద మెల్లగా పోతారు. కుక్కల పెట్టె పైన స్ట్రైక్ డాగ్, అంటే ముందుగా వాసన పట్టే కుక్క, ముక్కు గాలికి పెట్టి నిలబడుతుంది. అది మొరిగితే బండి ఆపి, అడుగుజాడ చూసి, మిగతావాటిని వదులుతారు. ప్లాట్, ట్రీయింగ్ వాకర్, బ్లూటిక్ జాతులు ఎక్కువ. మెడలకి గార్మిన్ జీపీఎస్ కాలర్లు, గైడ్ చేతిలో తెర మీద వాటి దారులు. పరుగులో ఉన్నంతసేపూ అరుపు సాగుతూ వస్తుంది, ఎలుగు చెట్టెక్కగానే తెగ్గొట్టినట్టు టకటకా మారిపోతుంది. అప్పుడు మొదలవుతుంది మీ పని. ఐడహోలో క్లియర్‌వాటర్ ప్రాంతం వైపు కొండలు నిటారుగా ఉంటాయి, కింద చిక్కటి పొదలు, పైన కరగని మంచు. మోకాళ్ళు బాగుండాలి. నేను ఆరు నెలలు జిమ్‌కి వెళ్ళి కూడా ఆ వాలులో గైడ్ వెనకాల కూర్చుంటూ లేస్తూ ఎక్కాను, ఆయన అరవై దాటిన మనిషి.

చెట్టు కిందికి చేరాక మంచి గైడ్ అన్నిటికంటే ముందు కుక్కల్ని దూరంగా కట్టేస్తాడు. గాయపడిన ఎలుగు వాటి మధ్యలో పడితే కుక్కలు చీలిపోతాయి. కట్టకుండా 'షూట్, షూట్' అనే గైడ్ దొరికితే ఆ ఏడాదికి మీ డబ్బులు పోయినట్టే లెక్క. చెట్టెక్కకుండా నేల మీదే తిరగబడే ముదురు ఎలుగులూ ఉంటాయి, అది కొత్తవాళ్ళు చూడాల్సిన దృశ్యం కాదు. ఐడహోలో తోడేళ్ళు కూడా ఉన్నాయి, అవి హౌండ్స్‌ని చంపిన సందర్భాలున్నాయి. ఆ భయం హౌండ్స్‌మన్ (కుక్కల్ని నడిపించే గైడ్) మొహంలో రోజంతా కనిపిస్తుంది.

నిజం చెప్పాలంటే చెట్టు మీది ఎలుగుని పరీక్షగా చూడటం బెయిట్ దగ్గరకంటే తేలిక, ఆడా మగా అన్నది కింద నుంచే తెలుస్తుంది. హౌండ్స్‌మెన్ గర్వంగా చెప్పే మాటా ఇదే, అబద్ధం కాదు. చిక్కల్లా మనిషి దగ్గర. పొద్దుట్నుంచీ పరుగెత్తిన కుక్కలు, చెమటోడ్చిన గైడ్, ఆయన కొడుకు, అందరూ మీ వైపే చూస్తుంటారు. పైన ఉన్నది మధ్యరకం గోధుమ రంగు ఆడది. ఇది నాకే జరిగింది. వద్దన్నాను. గైడ్ మంచివాడు కాబట్టి తల ఊపి కుక్కల్ని తీసుకుని దిగిపోయాడు. అయినా ఆ ఒక్క మాట అనడానికి నాకు గొంతు పెగలడం కష్టమైంది. మొదటిసారి వేటకొచ్చి, వేల డాలర్లు కట్టి, ఇద్దరు స్నేహితులు చూస్తుండగా మీరు ఆ మాట అనగలరా? బెయిట్ దగ్గరైతే ఒక్కరే ఉంటారు. కాల్చకపోతే రేపు మళ్ళీ కూర్చుంటారు, అంతే.

'నల్ల ఎలుగు' అన్నా ఇక్కడ గోధుమ, దాల్చినచెక్క రంగువి బోలెడు. రంగు చూసి అది గ్రిజ్లీనో (వేటాడకూడని వేరే జాతి ఎలుగు) కాదో తేల్చకండి. భుజం మీద మూపురం, పొడవాటి ముందు గోళ్ళు చూడాలి. గ్రిజ్లీని కాలిస్తే అది ఫెడరల్ కేసు.

ఔట్‌ఫిట్టర్ సంగతి. ఐడహోలో ప్రతి ఔట్‌ఫిట్టర్‌కీ రాష్ట్ర ఔట్‌ఫిట్టర్స్ అండ్ గైడ్స్ లైసెన్సింగ్ బోర్డు లైసెన్స్ ఉండాలి, ఉందో లేదో ముందు చూడండి. సక్సెస్ రేటు అడిగితే అందరూ గొప్పగానే చెప్తారు. దానికి బదులు ఇవి అడగండి: వారానికి ఎంతమందిని తీసుకుంటారు, వాళ్ళకి ఎన్ని బెయిట్లు, నా ముందువారం అదే డ్రమ్ము మీద ఎవరైనా కూర్చున్నారా. ఎలుగుకి గాయమై దొరక్కపోతే నా వేట అయిపోయినట్టేనా? చాలామంది అవుననే అంటారు, అది సబబే, కానీ కాగితం మీద ఉండాలి. ఎలుగు వెంట్రుకలు, కొవ్వు రక్తాన్ని పీల్చేసుకుంటాయి, నేల మీద చుక్క పడదు. వెతకడానికి ఎవరు వస్తారు, కుక్క ఉందా అని కూడా అడగండి. కిందటేడాది ఏమీ దొరక్కుండా తిరిగెళ్ళిన క్లయింట్ ఫోన్ నంబరు ఇమ్మనండి, నేనైతే ఆ ఒక్క ఫోన్‌కాల్‌తోనే తేల్చుకుంటాను. గైడ్‌కి పది పదిహేను శాతం టిప్ ఆనవాయితీ, బడ్జెట్‌లో కలుపుకోండి.

తేదీల విషయంలో: గుహల్లోంచి మగవి ముందు వస్తాయి, పిల్లల తల్లులు ఆఖర్న. మే నెలాఖర్లో జత కోసం తిరిగే మగవి పగలే బెయిట్ దగ్గరికొస్తాయి, కానీ అప్పటికి కొన్నిటి చర్మం చెట్లకి రుద్దుకుని బోడిగా అవుతుంది. నేనైతే మే మధ్యలో వారం అడుగుతాను.

మాంసం ఇంటికి తెచ్చుకోండి. ఎలుగు మాంసం వదిలెయ్యొచ్చని ఇక్కడి నియమాల్లో ఉన్నా, వదిలేసే గైడ్‌తో నేను వెళ్ళను. వండటం మాత్రం జాగ్రత్త. 2022లో సౌత్ డకోటాలో ఒక కుటుంబం 45 రోజులు ఫ్రీజర్‌లో ఉంచిన ఎలుగు మాంసంతో కబాబ్ చేసుకుంటే ఆరుగురికి ట్రికినెల్లా పురుగు సోకింది. అందులో ఇద్దరు మాంసం ముట్టలేదు, దానితో కలిపి కాల్చిన కూరగాయలే తిన్నారు. కొన్ని రకాల ట్రికినెల్లా గడ్డకట్టినా చావదు. లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ తగలాలి. మనం ఎలాగూ కుక్కర్లో పెట్టి మెత్తగా ఉడికిస్తాం కాబట్టి మసాలా కూరకి ఢోకా లేదు, గ్రిల్ జోలికే వెళ్ళకండి.

వేట దొరికితే పది రోజుల్లోపు పుర్రె, చర్మం ఫిష్ అండ్ గేమ్ ఆఫీసులో చూపించాలి, వయసు కోసం ఒక పన్ను పీకుతారు. చర్మాన్ని అమ్మానాన్నలకి చూపిద్దామని ఇండియా తీసుకెళ్ళే ఆలోచన ఉంటే మానుకోండి. నల్ల ఎలుగు సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, పర్మిట్ లేకుండా సరిహద్దు దాటించడమే నేరం. మన కస్టమ్స్ వాళ్ళకి, వన్యప్రాణి చట్టానికి సమాధానం చెప్పుకునే తిప్పలు వేరే. మాది శ్రీకాకుళం ఉద్దానం, జీడితోటల్లో ఎలుగులు మనుషుల మీద పడే ఊళ్ళు. డబ్బులు కట్టి మరీ ఎలుగు దగ్గరికి వెళ్తానని చెప్తే మా నాన్నకి ఇప్పటికీ కోపమే. ఫొటో ఒక్కటే పంపాను.