టేకు డెక్ మీద పీయూ పాలిష్ ఎందుకు నిలవదు?

ప్రశ్న: మా టెర్రస్ మీద 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున టేకు డెక్ వేయించుకున్నాం. రెండేళ్ల కిందట పీయూ (పాలీయురెథేన్) పాలిష్ కొట్టించాం. ఇప్పుడది పెచ్చులుగా లేస్తోంది, కింద చెక్క నల్లబడింది. పైపైన రుద్ది ఇంకో కోటు వేస్తే చాలంటున్నాడు మేస్త్రి. వేయించమంటారా?
– ఒక పాఠకురాలు, మణికొండ

జవాబు: వేయించకండి. ఆ డబ్బు వచ్చే వానాకాలానికే పెచ్చులై రాలిపోతుంది. తప్పు మీ మేస్త్రి పనితనంలో లేదు, ఎంచుకున్న పాలిష్‌లో ఉంది. పీయూ చెక్క మీద గాజు పొరలా పరుచుకుంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ పొరను దాటి లోపలికి వెళ్లి, చెక్క పీచును పట్టి ఉంచే లిగ్నిన్‌ను విరగ్గొడతాయి. పట్టు తప్పిన చెక్క మీద పొర ఎలా నిలుస్తుంది? పైగా మే ఎండకు కుంచించుకునే చెక్క ఆగస్టు తేమకు ఉబ్బుతుంది. 4 అంగుళాల పలక మిల్లీమీటరు దాకా కదులుతుంది. ఆ కదలికకు పొర అంచుల్లో, మరల (స్క్రూల) చుట్టూ పగులుతుంది. ఆ పగుళ్లలోంచి దిగిన నీరు పొర అడ్డం వల్ల ఆరదు. మీరు చూస్తున్న నలుపు అదే. హాల్లోని సోఫాకు పీయూ బాగుంటుంది, ఎండావానల్లో ఉండే నేలకు మాత్రం లోపలికి ఇంకే డెక్ ఆయిలే వాడాలి.

ముందు పాత పాలిష్ పూర్తిగా పోవాలి. రెండు డబ్బాలు కలిపి వేసే పీయూ అయితే పెయింట్ రిమూవర్‌కు సరిగా లొంగదు. లేచినంత మేర స్క్రేపర్‌తో గీకించి, మిగతాది ఆర్బిటల్ సాండర్‌కు (గుండ్రంగా తిరుగుతూ రుద్దే మెషిన్) 40 నంబరు శాండ్ పేపర్ వేసి తీయించండి. మెషిన్ పెట్టే ముందు మర తలలన్నీ 2 మిల్లీమీటర్లు లోపలికి దిగేలా బిగించాలి. లేదంటే పేపర్ చిరగడమే కాదు, రుద్దుడుకు రాలిన ఇనుప రజను చెక్కలో చిక్కుకుని మొదటి వానకే నల్ల చుక్కలుగా తేలుతుంది. 40 తర్వాత 60, ఆపైన 80తో ఆపేయండి. ఇంటి తలుపుకు చేసినట్టు 180, 220 దాకా నున్నగా రుద్దితే ఆయిల్ ఇంకదు. తడి కాలు జారుతుంది కూడా. చివరి చేయి పలక పొడవునా, రేఖల వెంబడే సాగాలి. దుమ్మును ముందు వాక్యూమ్‌తో లాగి, ఆ తర్వాత తడి గుడ్డతో తుడవండి.

తుడిచాక కనీసం రెండు పొడి రోజులు ఆగాలి. తేమ మీటర్ ఉంటే 15 శాతం లోపు చూపాలి. లేకపోతే నాలుగైదు చోట్ల నీటి చుక్క వేసి చూడండి. నిమిషంలో ఇంకితే చెక్క సిద్ధం. ముత్యంలా నిలిచిందంటే అక్కడ పాత పాలిష్ ఇంకా ఉంది, మళ్లీ రుద్దాల్సిందే.

మీ 120 చదరపు అడుగులకు 2 లీటర్ల ఆయిల్ కొనండి. మొదటి కోటుకు సుమారు లీటరుంపావు తాగుతుంది, మిగతాది రెండో కోటుకు. రంగు లేని ఆయిల్ కన్నా లేత టేకు రంగు కలిసినదే కొనండి. ఎండను అడ్డుకునేది ఆ రంగు కణాలే. పచ్చి అవిసె నూనె చవకని పూయించవద్దు. ఆరక రోజుల తరబడి జిగటగా ఉంటుంది, బూజుకు అదే మేత. ఎండ దిగాక, సాయంత్రం నాలుగు దాటిన తర్వాత బ్రష్‌తో పలక వెంట పలక పూయాలి. ఎండకు వేడెక్కిన చెక్క మీద పూస్తే ఆయిల్ ఇంకేలోపే మీగడ కడుతుంది. పదిహేను ఇరవై నిమిషాల తర్వాత పైన మిగిలినదంతా పొడి గుడ్డతో తుడిచేయండి. చాలామంది ఇక్కడే వదిలేస్తారు, తర్వాత జిగట అంటూ బాధపడతారు. రెండో కోటు మర్నాడు వేయించండి.

ఇదొక్కటి మాత్రం మరవకండి. ఆయిల్ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకూడదు. నూనె ఆరేటప్పుడు పుట్టే వేడి ఆ ఉండలోనే చిక్కుకుని, నిప్పు లేకుండానే అంటుకుంటుంది. ఆరుబయట ఒక్కో గుడ్డను విడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లున్న రేకు డబ్బాలో ముంచండి. పని చేసినవాళ్లకు కూడా ఈ మాట గట్టిగా చెప్పండి.

హైదరాబాద్‌లో ఈ పనికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఒకసారి ఇలా చేశాక ప్రతి ఏడూ రుద్దక్కర్లేదు, రుద్దకూడదు కూడా. సాండర్ పెట్టినప్పుడల్లా చెక్క కొంత అరిగిపోతుంది. ఏటా ఒకసారి కడిగి, ఆరనిచ్చి, ఒక్క కోటు ఆయిల్ పూస్తే సరి.

ప్రశ్న: డెక్ మరల చుట్టూ నల్ల మచ్చలు వచ్చాయి. ఆక్సాలిక్ యాసిడ్‌తో కడిగితే నలుపు పోయింది గానీ తెల్లటి పొడి తేలింది. చెక్క పాడైందా?
– ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: చెక్కకు ఏమీ కాలేదు. మీరు కడిగింది బోరు నీళ్లతో అయి ఉంటుంది. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. అది ఆక్సాలిక్ యాసిడ్‌తో కలిసి నీటిలో కరగని తెల్ల పొడిగా మారుతుంది. నల్లా నీళ్లు గానీ ఫిల్టర్ నీళ్లు గానీ తీసుకుని, గట్టి బ్రష్‌తో పలక పొడవునా రుద్ది కడగండి.

ఈసారి కలిపేటప్పుడు ప్లాస్టిక్ బకెట్‌లో లీటరు వేడి నీళ్లకు 60 నుంచి 80 గ్రాములు చాలు. ముందు చెక్కంతా తడిపి, మచ్చ ఉన్నచోటే కాక పలక మొత్తం పూయండి. లేకపోతే గుండ్రటి తెల్ల మచ్చ మిగులుతుంది. ఇరవై నిమిషాలాగి రెండుసార్లు కడగాలి. ఇది విషం. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి, పిల్లలను అటు రానివ్వకండి. సరిగా కడగని చెక్కను రుద్దితే ఆ దుమ్ము గొంతు మండిస్తుంది. పక్కన తాండూరు బండలుంటే ముందే బాగా తడిపి ఉంచండి, అవీ సున్నపురాయే. వాటి మీద పడ్డ యాసిడ్ తెల్ల మరక వేస్తుంది.

మచ్చ మళ్లీ రాకుండా ఉండాలంటే మరలే మార్చాలి. టేకులోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిస్తే సిరా తయారైనట్టే. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ మరలని స్పష్టంగా అడిగి తీసుకోండి. జింక్ పూత మరలు మెరుస్తాయి గానీ పూత అరిగాక మళ్లీ అదే కథ.

ప్రశ్న: మాది డబ్ల్యూపీసీ డెక్. దీనికీ ఆయిల్ పూయాలా?
– ఒక పాఠకురాలు, కొంపల్లి

జవాబు: అక్కర్లేదు. చెక్కపొట్టును ప్లాస్టిక్‌తో కలిపి పోసిన పలక అది, ఆయిల్ ఇంకదు. సాండర్ కూడా పెట్టించకండి, పై పొర పోతే రంగు మచ్చలు మచ్చలుగా తేలుతుంది. సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు.

ప్రశ్న: వానాకాలంలో డెక్ మీద పచ్చటి పాచి పట్టి జారుతోంది. పూలకుండీల కింద చెక్క మెత్తబడింది. ప్రెజర్ వాషర్ కొట్టించాలా?
– ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: ప్రెజర్ వాషర్ మెత్తటి పీచును చెక్కేస్తుంది, పలక గరుకై మరింత నీరు పట్టుకుంటుంది. లీటరు గోరువెచ్చని నీళ్లకు 60 గ్రాముల ఆక్సిజన్ బ్లీచ్ పొడి కలిపి, పావుగంట ఉంచి, బ్రష్‌తో రుద్ది కడగండి. బట్టలకు వాడే క్లోరిన్ బ్లీచ్ వద్దు, అది పీచునే తింటుంది. కడిగాక టేకు కాస్త నల్లబడితే పైన చెప్పిన ఆక్సాలిక్ నీళ్లతో తేటపడుతుంది.

మెత్తబడిన చోట స్క్రూడ్రైవర్ మొన గుచ్చి చూడండి. సులువుగా అర సెంటీమీటరు దిగితే ఆ పలక మార్చాల్సిందే, ఆయిల్ కాపాడదు. కుండీలను అంగుళం ఎత్తు స్టాండ్ల మీద పెట్టండి. ఆపైన ఒక పలక విప్పి కింద చూడండి. ఎండాకులు, మట్టి చేరి నీళ్లు పోయే జాలి పూడిపోతే అడుగు దుంగలు ఎప్పుడూ తడిలోనే నానుతుంటాయి, పాచికి అసలు ఊట అక్కడే. పలకల మధ్య 5 మిల్లీమీటర్ల సందు ఉండాలి. మట్టి చేరితే పుట్టీ కత్తితో గీకి తీయండి. పలకలు తిరిగి బిగించేటప్పుడు మర దుంగ దాటి కిందికి దిగకుండా పొడవు కొలుచుకోండి. స్లాబు మీది వాటర్‌ప్రూఫింగ్‌కు ఒక్క చిల్లు పడినా కింది ఇంటి సీలింగ్ చెమ్మెక్కుతుంది.