హైదరాబాద్ వచ్చి ఐదు నెలలైంది.. ఇంటి బెంగకు మందులు వాడాలా?

ప్రశ్న: నా వయసు 24. మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి ఐదు నెలలైంది. అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉంటున్నాను. మొదటి మూడు నెలలు సరిగా నిద్ర లేదు, అన్నం సయించేది కాదు. నాలుగు కిలోలు తగ్గాను. రెండు నెలలుగా నెలసరి రాలేదు. రాత్రిళ్లు ఆవకాయన్నంతో సరిపెట్టుకుంటున్నాను. నా యాసకు నవ్వుతారేమోనని ఆఫీసులో పెద్దగా మాట్లాడను. రెండు వారాలకోసారి ఊరెళ్తాను. తిరిగి రైలెక్కేటప్పుడు ఏడుపొస్తుంది. ఈమధ్య కాస్త నయం. మొన్న జ్వరమొచ్చి నాలుగు రోజులు బయటికి రాలేదు. తర్వాత వెళ్తే సందు చివర ఇడ్లీ బండి ఆమె ‘ఏమ్మా, రావట్లేదే?’ అని అడిగి, అల్లం చట్నీ ఇంకాస్త వేసింది. ఆ రాత్రి ఎందుకో హాయిగా నిద్రపట్టింది. నాది డిప్రెషనా? మందులు వాడాలా?

జవాబు: అమ్మా, ఆ ఇడ్లీ బండి సంగతి రాసి మంచిపని చేశారు. మీరు కోలుకుంటున్నారని నాకు ధైర్యం కలిగింది అక్కడే. మనల్ని ఎరిగినవాళ్లు ఒక్కరూ లేని చోట ఒళ్లు ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టే ఉంటుంది. కొత్త చోట మొదటి రాత్రి మెదడులో ఒక సగం రెండో సగమంత గాఢంగా నిద్రపోదని 2016లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. ‘రావట్లేదే?’ అని ఒకరు అడిగారంటే, మీరు కనబడకపోతే గమనించే మనిషి ఈ ఊళ్లో ఉన్నట్టే కదా. ఆ రాత్రి నిద్ర పట్టిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

మీరు రాసిన దాన్నిబట్టి ఇది డిప్రెషన్ కంటే అడ్జస్ట్‌మెంట్ సమస్యలా కనిపిస్తోంది. జీవితంలో పెద్ద మార్పు వచ్చిన మూడు నెలల్లోపు ఇది మొదలవుతుంది. కొత్త చోటు అలవాటయ్యేకొద్దీ చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. ఇప్పటికిప్పుడు మందులు అవసరమని నాకనిపించడం లేదు. నిద్రమాత్రలు సొంతంగా కొనుక్కుని అసలు వేసుకోవద్దు.

అయితే బరువు తగ్గడాన్నీ, నెలసరి ఆగడాన్నీ టెన్షన్ మీదకు నెట్టేసి ఊరుకోకూడదు. తిండి తగ్గి, ఒత్తిడి పెరిగితే నెలసరి ఆగే మాట నిజమే. థైరాయిడ్ తేడా వల్లా ఆగవచ్చు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12 పరీక్షలు ఈ వారంలోనే చేయించుకోండి. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత ఉన్నట్టే. గర్భం వచ్చే అవకాశం ఏమాత్రం ఉన్నా ముందు ఆ పరీక్ష చేసుకోండి. మూడో నెలా నెలసరి రాకపోతే గైనకాలజిస్టును కలవండి. ఆవకాయ మానేయమని నేను చెప్పను, అది అమ్మ చేతి రుచి. దాంతోపాటు ఒక గుడ్డు, గిన్నెడు పప్పు, పెరుగు ఉండేలా చూసుకోండి.

ఇక ప్రయాణాల సంగతి. ఊరెళ్లిన ప్రతిసారీ రాకపోకలకే రెండు రాత్రుల నిద్ర పోతోంది. సోమవారం ఆ నీరసంతోనే ఆఫీసుకు వెళ్తారు, అప్పుడు ఈ ఊరు మరీ పరాయిగా అనిపిస్తుంది. పైగా ఆదివారం ఇక్కడ ఎలా గడుస్తుందో మీకింకా తెలియదు. కొన్నాళ్లు నెలకోసారి వెళ్లండి. అమ్మతో ఫోన్లో రోజూ మాట్లాడండి, కానీ పడుకునే ముందు కాకుండా సాయంత్రం పూట. సాయంత్రం కాఫీ అలవాటుంటే మానేయండి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే ఐదారు గంటలు పడుతుంది.

మీ యాస గురించి చదివి బాధేసింది. చదువుకోసం నేను పట్నం వచ్చిన కొత్తలో, నవ్వుతారని నెలల తరబడి క్లాసులో నోరు తెరవలేదు. ఎవరూ వెక్కిరించకముందే నన్ను నేనే వెలివేసుకున్నాను. మీరు ఆ పొరపాటు చేయకండి. మధ్యాహ్నం భోజనానికి ఒక్కరితోనైనా కలిసి కూర్చోండి, మీ ఊరి మాటల్లోనే మాట్లాడండి.

దిగులు మళ్లీ పెరిగి రెండు వారాలపాటు రోజంతా వదలకపోయినా, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోయినా సైకియాట్రిస్టును కలవాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు, హాస్టల్లో పక్కవాళ్లకు చెప్పండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.