నైట్ డ్యూటీ దిగి ఇంటికొస్తూ పడితే కంపెనీకి సంబంధం లేదా?

"మా తమ్ముడు కాంట్రాక్టర్ కింద ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ చేస్తాడు. పొద్దున ఇంటికొస్తూ బండి మీద నుంచి పడి చెయ్యి విరిగింది. గేటు దాటాక మాకు సంబంధం లేదంటున్నారు, నిజమేనా?" అని అడిగారు. నిజం కాదండీ. నాకూ అదే మాట చెప్పారు, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్‌లో మూడేళ్లు నైట్ చేశాను. రాత్రి పదికి ఎక్కితే పొద్దున ఆరుకు దిగాలి. రిలీవర్ రాకపోతే ఎనిమిదవుతుంది. మూడూ నాలుగు మధ్య కళ్లు మూతలు పడుతుంటే ముఖాన నీళ్లు కొట్టుకుని మళ్లీ బెల్టు దగ్గర నిలబడేవాళ్లం. ఆ గంట ఎలాగో గడిచిపోతుంది. అసలు గండం డ్యూటీ దిగాకే. చల్లగాలి తగిలేసరికి బండి మీదే కునుకు పట్టేస్తుంది. సూరారం దగ్గర డివైడర్‌కి గుద్దేశాను. మోచెయ్యి విరిగింది.

సూపర్‌వైజర్ "మామూలు సిక్ లీవ్ పెట్టుకో" అన్నాడు. అలా పెట్టుకుంటే ఈఎస్ఐలో, అంటే కార్మికుల బీమా కింద, జీతంలో 70 శాతమే వస్తుంది. పని వల్ల జరిగిన ప్రమాదం కింద రాస్తే 90 శాతం వస్తుంది, ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న షరతూ ఉండదు. ఈ తేడా నాకు ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకి వెళ్లేదాకా తెలియదు.

అక్కడి గుమాస్తా నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "తిన్నగా ఇంటికే వెళ్తున్నారా, మధ్యలో ఎక్కడైనా ఆగారా?" పాత ఈఎస్ఐ చట్టంలో 2010లో చేర్చిన 51ఈ సెక్షన్ ప్రకారం ఇంటికీ పనికీ మధ్య దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా పనిలో జరిగినట్టే లెక్కిస్తారు. కాకపోతే ఆ టైముకీ, ఆ చోటుకీ, పనికీ సంబంధం కనబడాలి. నా పంచింగ్‌లో బయటికొచ్చిన టైము 6.10, 108 వాళ్ల కాగితంలో 6.35. ఆ రెండు అంకెలే నన్ను నిలబెట్టాయి. ఆ తర్వాత కంపెనీ చేత ప్రమాద రిపోర్టు, అంటే ఫారం 12, పంపించడానికి మూడు వారాలు తిరిగాను. కట్టుకట్టిన చేత్తో ఆ గేటు దగ్గర నిలబడటం ఇప్పటికీ మర్చిపోలేను.

కాబట్టి ముందు మీ తమ్ముడి పంచింగ్ వివరాలు, ఆసుపత్రిలో మొదట రాసిన చీటీ తీసిపెట్టుకోండి. జీతం నెలకు 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ ఉండాలి. జీతంలో 0.75 శాతం కోస్తున్నారేమో స్లిప్పులో చూడండి, పది అంకెల ఇన్సూరెన్స్ నంబరు అడగండి. కాంట్రాక్టర్ కట్టలేదని తేలినా భయపడకండి, ఆ బాధ్యత అసలు కంపెనీ మీదే పడుతుంది. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కదా, దారిలో ప్రమాదం గురించిన నియమం వాటిలో ఒకటైన సోషల్ సెక్యూరిటీ కోడ్‌లోనూ ఉంది. ఈఎస్ఐ లేనివాళ్లకు యజమాని ఇవ్వాల్సిన నష్టపరిహారానికి కూడా అది వర్తిస్తుంది.

ఇంకొకటి. నేను పడిన రోజు వరసగా తొమ్మిదో నైట్. ఆదివారం పొద్దున ఆరుకు దిగాం కదా, అదే మీ సెలవు, రాత్రి పదికి రండి అనేవాళ్లు. అంటే పదహారు గంటలు. చట్టం చెప్పేది అది కాదు. అర్ధరాత్రి దాటే షిఫ్ట్ చేసేవాళ్లకు వారం సెలవు అంటే షిఫ్ట్ దిగిన క్షణం నుంచి పూర్తిగా ఇరవై నాలుగు గంటలు. పాత ఫ్యాక్టరీల చట్టంలోనూ ఉంది, కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఉంది. మీ తమ్ముడికి చెయ్యి నయమై మళ్లీ నైట్‌కి పిలిస్తే, ఒప్పుకునే ముందు ఈ ఒక్క మాట అడిగించండి.